పాకం పలచబడిన వానాకాలం

మజలయా
9 జనవరి 1985

తమ్ముడు సోబారికి సలాం.

ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. చితారుమ్ నది మళ్ళీ పొంగింది. నీళ్ళు మగ్గాల షెడ్డు గడప దాకా వచ్చి ఆగాయి. మీ బావ మోటార్ల కింద ఇటుకలు పేర్చి, లుంగీ మోకాళ్ళ పైకి కట్టుకుని రోజంతా వాటికి కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. మా అత్తగారు మంచం దిగకుండానే అందరికీ పనులు పురమాయిస్తోంది. ఇదంతా ఏటా ఉండేదే.

ఈ ఏడు ఇంకొకటి వచ్చి పడింది. బడిపిల్లల నీలం లంగాలకి గుడ్డ నేసే పని ఒప్పుకున్నామని చెప్పాను కదా. మేం తెల్లగా నేసి ఇస్తే హాజీ తోహా దానికి అద్దకం వేయించి, బందుంగ్‌లో కుట్టేవాళ్ళకి ఇస్తాడు. మొన్న ఆయన అద్దకం అయిన తానులు తెచ్చి మా వసారాలో పడేశాడు. విప్పి చూశాను. నిలువునా చారలు. కొన్ని పోగులు రంగు బాగా తాగాయి, పక్కవి తాగలేదు. వానకి తడిసిన గోడలా ఉంది. "ఇది లంగాలకా, పరుపులకా?" అన్నాడాయన, నవ్వుతూనే. ఆయన నవ్వితేనే నాకు భయం.

ఇక్కడ మిగతావాళ్ళు వేరే ఫ్యాక్టరీల దారం వాడుతుంటే, మీ ఫ్యాక్టరీ దారమే కావాలని పట్టుబట్టింది నేను. మా తమ్ముడు తీసే దారమని ఊరంతా చెప్పుకున్నాను. అందుకే సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. మంచి దారం పెద్ద మిల్లులకి పంపి, రెండో రకానికి మొదటి రకం చీటీ అంటించి మాలాంటివాళ్ళకి తోస్తున్నారా? నువ్వు చేస్తున్నావని కాదు. నీకు తెలియకుండా జరుగుతోందేమో అని.

చారల ముక్క ఒకటి ఇందులో పెట్టాను. పగటి వెలుతురులో చూడు. పంటినొప్పి ఎలా ఉంది? లవంగం పెట్టుకుని రోజులు వెళ్ళదీయకు, పీకించుకో.

అక్క,
రొకయా


పుర్వకర్తా
17 జనవరి 1985

అక్కా,

నీ ఉత్తరం, గుడ్డ ముక్క అందాయి. పన్ను పీకించాను. పీకినాయన పక్కదాన్ని కూడా కదిపి చూస్తుంటే కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

రెండో రకం దారం మాట ఇంకెవరి దగ్గరా అనకు. మూడో లైను నా చేతి కింద నడుస్తుంది. చీటీలు నా కళ్ళ ముందే అంటిస్తారు. అక్కడ మోసమంటే నేను మోసగాణ్ణనే అర్థం. నువ్వు అలా అనడం లేదని రాశావు, కానీ చదివినవాడికి అలాగే తగులుతుంది.

మా పని నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. ప్లాస్టిక్ గింజలు వస్తాయి. వాటిని వేడిగాలిలో బాగా ఆరబెట్టి కరిగిస్తాం. ఆ కరిగినదాన్ని మేం పాకం అంటాం. పంపు దాన్ని తోస్తే ఇసుక వడపోత దాటి, వెంట్రుకంత రంధ్రాలున్న పళ్ళెంలోంచి సన్నటి ధారలుగా దిగుతుంది. కింద చల్లగాలి తగిలి గట్టిపడి దారమవుతుంది. అమ్మ బెల్లం కాచేటప్పుడు గరిటె పైకెత్తి, పాకం తీగ సాగుతోందా, చుక్కలుగా తెగుతోందా అని చూసేది గుర్తుందా? మా కష్టమంతా అక్కడే. పాకం ఎప్పుడూ ఒకే చిక్కదనంతో దిగాలి. అమ్మ కంటితో చూసింది మాకు పీడనం చూపే సూది చెబుతుంది. పాకం పలచనైతే సూది పడుతుంది, చిక్కనైతే లేస్తుంది. నెల రోజులుగా మూడో లైను సూది గీత మీదనుంచి కదల్లేదు. అంటే దారం బాగుంది.

కాబట్టి లోపం మా దగ్గర కాదు. వరద నీటి చెమ్మకి మగ్గాలు పాడై ఉంటాయి. పడుగు బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉందేమో బావని చూసుకోమను. ఆ మగ్గాలు మన పెళ్ళిళ్ళకంటే పాతవి. లేదంటే అద్దకం తొట్టి సంగతి అడగండి.

కోపం తెచ్చుకోకు. ఉత్పత్తి విభాగం పెద్ద పాక్ విర్యా రోజూ లెక్క పెంచమంటున్నాడు. ఇంటికొస్తే అద్దింటావిడ పందెంకోడి నా పరుపు మీద ఉంటోంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

సోబారి


మజలయా
26 జనవరి 1985

సోబారికి,

నీ ఉత్తరం అందరి ముందూ పైకి చదివాను. చేసిన పొరపాటు అదే. మగ్గాలు పెళ్ళిళ్ళకంటే పాతవన్న మాటకి ముందే ఆపేసి ఉండాల్సింది. అది వినగానే మీ బావ లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి ఆయన మగ్గాల్ని ఒక్కొక్కటే విప్పాడు. బీములు దింపాడు, అచ్చులు తీసి తుడిచాడు, పడుగు బిగువంతా వేలితో మీటి చూశాడు. నేతగాళ్ళు గోడకి ఆనుకుని సిగరెట్లు కాల్చుకుంటూ చూశారు. ఏ లోపమూ దొరకలేదు. ఆఖరికి పక్కవాళ్ళ దగ్గర వేరే ఫ్యాక్టరీ దారం అడిగి తెచ్చి, అదే మగ్గం మీద, అదే మనిషి చేత నేయించి, అదే తొట్టిలో అద్దించాం. ఒక్క చార లేదు. మరి మగ్గానికి మీ దారమంటేనే చెమ్మ పట్టిందా?

నీ సూది కదలడం లేదని గొప్పగా రాశావు. కదలకపోతే చచ్చిందేమో చూసుకో.

మీ బావ నీ పేరెత్తడం లేదు. "మీ ఇంజనీరు" అంటున్నాడు. నేను మధ్యలో కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయలేను. హాజీ మళ్ళీ వచ్చి, బడులు తెరిచేలోగా మంచి గుడ్డ ఇస్తారా, ఇంకొకళ్ళని చూసుకోనా అని అడిగి వెళ్ళాడు. ఈ పని పోతే నేతగాళ్ళని నిలబెట్టుకోలేం.

నీకు మాతో వాదించడం ముఖ్యమా, లైను దగ్గరికి వెళ్ళి చూడడం ముఖ్యమా?

రొకయా


పుర్వకర్తా
5 ఫిబ్రవరి 1985

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగా తిరిగాను. తర్వాత వెళ్ళి చూశాను.

సూది చావలేదు. అంతకంటే పాడు పని చేసింది. వేర్వేరు వేళల్లో తీసిన దారం ఉండలు తెచ్చి, ప్రయోగశాలలో చిన్న గొట్టంలా అల్లించి రంగు వేయించాను. నీ గుడ్డలాగే చారలు. లైను ఆగినప్పుడు వడపోత విప్పించాను. ఇసుక రాయిలా మూసుకుపోయింది. అంత మూసుకుపోతే పాకం కదలడానికి కష్టపడాలి, పీడనం లేవాలి. ఎందుకు లేవలేదు? ఇంకోపక్క పాకమే పలచబడుతోంది కాబట్టి. ఒకటి సూదిని పైకి లాగింది, ఇంకొకటి కిందికి లాగింది. అది మధ్యలో నిలబడి అంతా బాగుందని చెప్పింది. నేను నమ్మాను.

పలచబడడానికి కారణం వాన. గింజల్ని ఆరబెట్టే యంత్రంలో గాలిలోని తేమ పీల్చే గుళికలుంటాయి. అవి అరిగిపోయాయి. తడి గింజ ఆ వేడిలోకి వెళితే లోపలి పొడవాటి అణువుల గొలుసులు తెగి, పాకం నీళ్ళవుతుంది. జోరువాన రోజు ఒకలా, తెరిపిచ్చిన రోజు ఒకలా దిగుతోంది. అందుకే ఒక పోగు రంగు తాగుతుంది, పక్కది తాగదు.

బావతో చెప్పు, మగ్గాల గురించి నేనన్నది తప్పు.

పాక్ విర్యాకి ఇదంతా చెప్పాను, లైను ఆపి గుళికలు మార్చాలన్నాను. ఆయన పీడనం కాగితం నా ముందుకు తోసి, "సూది బాగానే ఉంది కదా సోబారీ, నీకేమిటి బాధ?" అన్నాడు. నీకు నేను రాసిన మాటే. సురబాయా మిల్లుకి సరుకు బాకీ ఉన్నారట. లైను ఆపితే లోపలి పాకమంతా మాడకముందే కక్కించి, కడిగి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ మాట ఆయన వినడానికే సిద్ధంగా లేడు.

రెండు పనులు చెయ్యి. డిసెంబరునుంచి వచ్చిన దారం మగ్గం ఎక్కించకు. రెండోది, కొన్నవాళ్ళు సంతకాలు పెట్టి ఫిర్యాదు పంపితేనే ఇక్కడ పైవాళ్ళు పట్టించుకుంటారు. నీలాంటివాళ్ళు నలుగురు కలిసి రాయండి. నా పేరు మాత్రం ఎక్కడా రాకూడదు.

నీ తమ్ముడు


మజలయా
14 ఫిబ్రవరి 1985

సోబారీ,

మగ్గం ఎక్కించకు అని తీరిగ్గా రాశావు. అన్నిటి మీదా అదే ఉంది. ఆపేశాం. నేతగాళ్ళని ఇళ్ళకి పంపాం. షెడ్డు ఇంత నిశ్శబ్దంగా ఉండడం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. అత్తగారికి సరిగా వినపడదు కదా, ఆవిడ కూడా ఏమైందని అడిగింది.

నువ్వు తప్పన్నావని మీ బావకి చెప్పాను. ఆయన ఆ సాయంత్రం నువ్వు కొనిపెట్టిన రేడియో దించి బాగుచేశాడు.

ఫిర్యాదు పట్టుకుని మీ దారం కొన్న ఇళ్ళన్నీ తిరిగాను. నీకు కాగితం మీద రాయడం తేలిక. ఓనా ఇంటికి వెళితే టీ ఇచ్చింది, వేయించిన అరటికాయ ఇచ్చింది, సంతకం ఇవ్వలేదు. "మీకు లోపల మనిషి ఉన్నాడు. రేపు వాళ్ళు మాకు దారం ఇవ్వం అంటే మేమెక్కడికి పోతాం?" అంది. హాజీ తోహా అయితే నా చేతిలో కాగితం చూసి అప్పుడే నమాజుకి వేళైందన్నాడు. చివరికి నాతో కలిపి నలుగురం పెట్టాం. నిన్న పోస్టు చేశాను.

నీ పోరాటానికి నన్ను వీధులు తిప్పావు. ఇప్పుడైనా ఏదో ఒకటి జరుగుతుందా?

రొకయా


పుర్వకర్తా
23 ఫిబ్రవరి 1985

అక్కకి,

జరిగింది. నన్ను లైనునుంచి తీసేశారు.

మీ ఫిర్యాదు వచ్చిన రోజే పాక్ విర్యా పిలిచాడు. సంతకాల్లో నీ పేరు చూపించాడు. అదైతే నేను అనుకున్నదే, అక్క కొన్నది, అక్క రాసింది అనేవాణ్ణి. కానీ హాజీ తోహాకి దారం అమ్మే దళారి అంతకుముందే వచ్చి వెళ్ళాడట. "గింజలు తడిగా ఉన్నాయని మీ సోబారే చెప్పాడట కదా" అని అందరూ వినేలా అడిగాడట. ఇక నేనేం చెప్పను? నా వస్తువులు ఒక అట్టపెట్టెలో పెట్టుకుని గింజల గోదాముకి వచ్చాను. ఇప్పుడు నా ఉద్యోగం బస్తాలు ఎత్తించడం, దించడం. దారం దిగే గది మెట్లు ఎక్కడానికి నాకు అనుమతి లేదు.

నిన్ను ఒక్కటే అడిగాను, నా పేరు రాకూడదని. చదువుకోడానికి పంపింది నువ్వే. ఈ ఉద్యోగం దొరికినప్పుడు ఊరందరికీ అన్నం పెట్టింది నువ్వే. దాన్ని ఊడగొట్టిందీ నువ్వే.

కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

సోబారి


మజలయా
2 మార్చి 1985

సోబారీ,

వద్దన్నా రాస్తున్నాను. నేను పెద్దదాన్ని.

నీ పేరు నా నోట రాలేదు. నీ ఉత్తరం చదివి మీ బావ దయాత్‌ని అడిగాను. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడే నాకు అర్థమైంది.

ఆయన హాజీ వసారాలో పది మంది మధ్య ఉన్నప్పుడు, తప్పంతా దయాత్ పాత మగ్గాలదని హాజీ అన్నాడట. ఆ మగ్గాలు మామగారి చేతిమీదుగా వచ్చినవి. ఈయన తట్టుకోలేక, "తప్పు మా మగ్గాలది కాదు, గింజలదే. మా బావమరిది స్వయంగా రాశాడు" అన్నాడు. దళారి అక్కడే ఉన్నాడు. మీ బావకి తను ఏం చేశాడో ఇంటికొచ్చాక కూడా తెలియదు. ఇప్పుడు తెలిసి అన్నం దగ్గరికి రావడం లేదు.

ఆయన్ని వెనకేసుకురావడం లేదు. కానీ మొదటి ఉత్తరంలో నువ్వు తప్పు మగ్గాల మీదికి తోయకపోయి ఉంటే, ఆయన అక్కడ నోరు విప్పేవాడు కాదు. అది కూడా ఆలోచించు. ఇద్దరూ ఒకరి పరువు ఒకరు తీసుకున్నారు. వీధులు తిరిగింది నేను, మాట పడింది నేను.

ఉద్యోగం ఊడగొట్టానన్న మాట మాత్రం మరిచిపోను. ఎప్పుడైనా తీరిగ్గా దానికి నిన్ను తిడతాను.

రొకయా


పుర్వకర్తా
21 మార్చి 1985

అక్కా,

తిట్టు. తిట్టించుకోడానికే రాస్తున్నాను.

గోదాములో బస్తాల మీద కూర్చుని వాన చూడడం తప్ప పని లేదు. ఆ వానే ఇప్పుడు తెరిపిచ్చింది. ఎండ కాసేసరికి గాలి ఆరింది, గింజలు ఆరాయి, మూడో లైను దారం దానంతటదే బాగుపడింది. గుళికలు ఎవరూ మార్చలేదు, యంత్రం ఎవరూ విప్పలేదు. పాక్ విర్యా ఎదురుపడి, "చూశావా, నువ్వు లేకపోతే లైను ఎంత బాగా నడుస్తోందో" అన్నాడు. సరదాకి అన్నాడో, నిజంగానే అలా అనుకుంటున్నాడో తెలియలేదు. మళ్ళీ వానలు వస్తాయని చెబుదామనుకుని ఊరుకున్నాను. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

మీ ఫిర్యాదుకి జవాబు తయారుచేశారు. డిసెంబరునుంచి ఫిబ్రవరి దాకా లైను సరిగానే నడిచిందని, చారలకి కారణం మజలయాలోని పాత మగ్గాలని అందులో ఉంది. అప్పటి లైను బాధ్యుడిగా నా సంతకం కావాలి. పెడితే నా లైను నాకు తిరిగి ఇస్తారట.

నేను పెట్టను.

మా లైనులో పనిచేసే మామత్ చెయ్యి కాలింది. పళ్ళెం కింద పేరుకున్న పాకాన్ని గీకే పని అతనిది, నాకంటే పెద్దవాడు. పాకం పలచనైతే దారంగా సాగకుండా చుక్కలుగా రాలుతుంది. ఆ వానల్లో మాటిమాటికీ గీకాల్సి వచ్చింది. ఒక చుక్క మణికట్టు మీద పడింది. అది నీళ్ళలా జారిపోదు, చర్మాన్ని పట్టుకుని అక్కడే గట్టిపడుతుంది. ఆసుపత్రికి వెళ్ళి చూసి వచ్చాను.

బావ అన్నం తింటున్నాడా?

సోబారి


మజలయా
27 మార్చి 1985

తమ్ముడూ,

మామత్ సంగతి చదివాను. అతనికి నా తరఫున పండ్లు పట్టుకెళ్ళు.

ఇక నీ సంతకం సంగతి. రాత్రి అన్నాల దగ్గర నీ ఉత్తరం మీ బావకి వినిపించాను, ఈసారి ముందు ఒకసారి నేను చదువుకున్నాకే. చాలాసేపు ఉప్పుచేప ముళ్ళు తీస్తూ కూర్చున్నాడు. తర్వాత, "పెట్టమను. మగ్గాలకి పరువేమిటి? వాటికి కావాల్సింది నూనె. వాడి లైను వాడికి వస్తే చాలు" అన్నాడు.

సోబారీ, ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమై ఉంటుందో నీకు తెలుసు. జనవరిలో ఆ మాటకే లేచి వెళ్ళిపోయిన మనిషి. మా కోసమని నువ్వు మొండికేస్తున్నావు, అది మాకు అక్కర్లేదు. మా మగ్గాలు ఎలాంటివో మాకు తెలుసు. మామగారు పైనుంచి చూసినా నవ్వుకుంటారు. నువ్వు మళ్ళీ లైను మీదికి వెళితే, వచ్చే వానలకి ముందు ఆ గుళికలేవో మార్పించొచ్చు.

సంతకం పెట్టేయ్. పెట్టి వెంటనే రాయి.

అక్క


పుర్వకర్తా
2 ఏప్రిల్ 1985

అక్కా,

పెట్టను.

నీ మాట విననివాణ్ణని నువ్వు అనుకునేలోగా మిగతాది చదువు. పోయిన ఉత్తరంలోనే సరిగా రాసి ఉండాల్సింది. నాకే తల తిరిగి రెండు సంగతులూ వేరువేరుగా రాశాను. అవి రెండు కావు.

కాగితంలో మగ్గాల మాట పైన ఉంది. దాని కింద ఇంకో వాక్యం ఉంది: ఆ నెలల్లో లైనులో ఏ లోపమూ లేదు, పాకం సక్రమంగా దిగింది. పాకం సక్రమంగా దిగితే మామత్ మీద చుక్క ఎందుకు పడింది? అతను అజాగ్రత్తగా ఉన్నాడు కాబట్టి. సిబ్బంది ఆఫీసులో ఆ మాట ఇప్పటికే అంటున్నారు. స్వయంకృతమని తేలితే వైద్యం అతనే చేయించుకోవాలి, ఉద్యోగం పోతుంది. నా సంతకం కోసమే ఆగారు. మామత్ రెండు వేళ్ళు వంగడం లేదు. ఆ వేళ్ళతో అతనికి ఇంకో పని ఎవరిస్తారు?

ఆ పని నేర్పింది నేను. ఎంత దూరంలో నిలబడాలో నేర్పాను, పాకం పలచనైతే ఆ దూరం చాలదని నేర్పలేదు.

బావ అన్న మాటకి నా కళ్ళు నిండాయి. అంత పెద్ద మనసు చేసుకుని ఇస్తే, తీసుకోలేకపోతున్నాను. నాకు చిరాగ్గా ఉంది అక్కా. ఎవరి మీదో కూడా తెలియడం లేదు. ఇంకో వారం చూస్తారట. తర్వాత గోదాము కూడా ఉండదు.

సోబారి


మజలయా
6 ఏప్రిల్ 1985

ఒరేయ్ సోబారీ,

ఇది ముందే రాసి ఉంటే, మీ బావ చేత ఆ ముళ్ళన్నీ ఏరించేదాన్ని కాదు. చదువుకున్నవాడివి, రెండు ముక్కలు ఒకచోట కలిపి రాయడానికి నీకు రెండు ఉత్తరాలు పట్టాయి.

సరే విను. నీకు తెలియని సంగతొకటి ఉంది. బందుంగ్ కుట్టుపనివాళ్ళు హాజీ తోహాకి గుడ్డంతా తిప్పి పంపారు. మాది ఒక్కటే కాదు, మీ దారంతో నేసిన ప్రతి ఇంటిదీ. నమాజు వేళైందన్న పెద్దమనిషి నిన్న మా వసారాలోకి వచ్చి, ఫిర్యాదులో తన పేరెందుకు వేయలేదని నన్నే అడిగాడు. ఇప్పుడు అందరికంటే గట్టిగా అరుస్తున్నది ఆయనే. ఓనా కూడా వస్తానంది. ఇళ్ళల్లో చారల గుడ్డ ఎంతుందో అంతా ఒకచోట చేర్చాం.

బుధవారం హాజీ ట్రక్కులో అందరం మీ ఫ్యాక్టరీకి వస్తున్నాం. మామత్ పేరు మేం ఎత్తం. మాకేం తెలుసు? మేం గుడ్డ చూపిస్తాం, జవాబు అడుగుతాం.

నువ్వు గోదాము దాటి బయటికి రాకు. నన్ను చూసినా చూడనట్టు ఉండు. మనం మాట్లాడుకోవడం చూస్తే మళ్ళీ నువ్వే పంపావంటారు. ఎవరైనా అడిగితే తనకి బావమరిదే లేడని మీ బావ చెబుతాడట. జనవరిలో నీ పేరెత్తకపోవడం బాగా అలవాటైంది కాబట్టి తడుముకోనవసరం లేదన్నాడు.

రొకయా


పుర్వకర్తా
13 ఏప్రిల్ 1985

అక్కా,

మీరు వెళ్ళిపోయాక ఏం జరిగిందో మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

గోదాము తలుపు సందులోంచి అంతా చూశాను. మీరు తానులు విప్పి ఆఫీసు మెట్లనుంచి గేటు దాకా పరిచారు. తుంపర పడుతోంది. తడిసేకొద్దీ చారలు ఇంకా బాగా తేలాయి. పాక్ విర్యా వచ్చి చేతులు తిప్పుతూ మాట్లాడాడు, హాజీ తోహా అంతకంటే ఎక్కువ తిప్పాడు. ఆ మాటలేవీ నాకు వినపడలేదు. మేడ మీదనుంచి పెద్దాయన, మా యజమాని, దిగి వచ్చాక అందరూ ఆగారు. అప్పుడు నువ్వన్నది నా దాకా వచ్చింది. "ఈ గుడ్డతో మీ మనవరాలికి లంగా కుట్టించి బడికి పంపండి. పంపుతానంటే ఇప్పుడే వెళ్ళిపోతాం."

ఆయన కిందికి వంగి గుడ్డ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మీకు చూస్తామని మాత్రమే చెప్పి పంపారు. మర్నాడు లైను ఆపించారు. ఆరబెట్టే యంత్రం తెరిస్తే గుళికలు పొడై, తడికి బురద ముద్దలా బయటపడ్డాయి. పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నాడట. పాక్ విర్యా దాన్ని ఏటా చేసే శుభ్రమని పుస్తకంలో రాశాడు. మీ గుడ్డకి బదులు దారం ఇస్తారట, హాజీకి ఉత్తరం వస్తుంది.

నా సంతకం సంగతి ఇంకెవరూ ఎత్తలేదు. కాగితం ఏమైందో తెలియదు. మామత్‌ది పనిలో జరిగిన ప్రమాదమని రాశారు. వైద్యం వాళ్ళే చేయిస్తారు, గేటు దగ్గర పని ఇస్తారు. అతని వేళ్ళు వంగుతాయని మాత్రం డాక్టరు చెప్పలేదు. నన్ను లైను మీదికి పిలవలేదు. ఎప్పుడు పిలుస్తారని అడిగితే, "గోదాములో కూడా మనిషి కావాలి కదా" అన్నాడు పాక్ విర్యా. కొత్త గుళికలతో దారం ఎలా దిగుతోందో చూడాలని ఉంది. కింద నిలబడి మోటారు చప్పుడు వింటున్నాను.

ఇంకొకటి చెప్పాలి. ఆ రోజు నువ్వు, బావ అంతసేపు తుంపరలో నిలబడ్డారు. మీకు ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. బావ రెండుసార్లు గోదాము వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. నా దగ్గర వేడినీళ్ళున్నాయి, టీ ఆకు ఉంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఉన్న గ్లాసులన్నీ కడిగి, టీ పోసి, బస్తాల మీద వరసగా పెట్టాను. తీసుకుని బయటికి అడుగు పెట్టబోయి ఆగిపోయాను. మీ ట్రక్కు గేటు దాటి వెళ్ళిపోయింది.

కట్టుచేత్తో మామత్ అప్పుడే లోపలికి వచ్చాడు. అన్ని గ్లాసులు చూసి, ఎవరైనా వస్తున్నారా అని అడిగాడు.

"మా అక్క, బావ వచ్చారు" అన్నాను. "వెళ్ళిపోయారు."

అతను నా పక్కన కూర్చుని మంచి చేత్తో ఒక గ్లాసు తీసుకున్నాడు. ఇద్దరం ఒక్కొక్కటే తాగాం. అన్నీ చల్లారిపోయి ఉన్నాయి.

నీ తమ్ముడు,
సోబారి